కాన్పు గదికి తాళం పడొద్దు

2020 వేసవిలో పుట్టిన పిల్లలు ఒకటో తరగతికి వచ్చేశారు. కరోనా ఊసు ఇప్పుడు ఎవరికీ పట్టడం లేదు. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలోనే ఎక్కువ కేసులతో అల్లాడింది మన కర్నూలు జిల్లాయేనని గుర్తుచేస్తే, ఇప్పుడెందుకా గోల అంటారు. అయినా అడగక తప్పదు. చూలింతలకు, పసిబిడ్డలకు వైరస్ వల్ల జరిగిన చేటెంత, మన ఏర్పాట్ల వల్ల జరిగిన చేటెంత? పిల్లల వరకైతే ఏర్పాట్ల పాపమే ఎక్కువన్నది మా అభిప్రాయం.

తల్లుల విషయంలో వైరస్‌ను తక్కువ చేసి చెప్పలేం. నెలలు నిండేకొద్దీ గర్భసంచి పైకి పెరిగి ఊపిరితిత్తులకు చోటు తగ్గిస్తుంది. ఆక్సిజన్ అవసరమేమో పెరుగుతుంది. అందుకే అదే వయసు మిగతా ఆడవాళ్లతో పోలిస్తే గర్భిణుల్లో ఐసీయూ దాకా వెళ్లినవాళ్లు ఎక్కువ. నెలలు నిండకుండానే కాన్పులయ్యాయి. డెల్టా రకం వైరస్ విజృంభించిన రోజుల్లో కడుపులోనే బిడ్డలు పోవడమూ పెరిగింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. వాళ్ల మీద ఈ జబ్బు వచ్చి పడితే తట్టుకునే శక్తి ఎక్కడిది?

బిడ్డల సంగతి వేరు. కడుపులో ఉండగా తల్లి నుంచి సోకడం అరుదు. పుట్టాక సోకినా చాలామంది తేలిగ్గానే బయటపడ్డారు. కొద్దిమందికి మాత్రం జబ్బు తగ్గిన రెండు నుంచి ఆరు వారాలకు విడవని జ్వరం, ఎర్రబడిన కళ్లు, కడుపునొప్పి వచ్చి గుండె మీదికి తెచ్చింది. మూడో వేవ్ అంతా పిల్లల మీదేనని టెన్షన్ పెట్టారు. భయపడినంత జరగలేదు. ఆ హడావుడిలో వేసిన పిల్లల ఐసీయూ పడకలు, వెంటిలేటర్లు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో అధికారులు చెబితే వినాలని ఉంది.

టీకా దగ్గర జరిగిన ఆలస్యం ఇంకా బాధిస్తుంది. దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. గర్భిణులకు వేయవచ్చని కేంద్రం చెప్పింది జులై 2న. ఈ మధ్యలోనే రెండో వేవ్ చెలరేగిన ఏప్రిల్, మే నెలలు వచ్చి పోయాయి. జూన్‌లో ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు ముందుగా టీకా వేయాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. మంచి ఆలోచనే, కాదనం. కానీ చంకలో బిడ్డ ఉంటే టీకా, కడుపులో ఉంటే లేదు. టీకా ప్రయోగ పరీక్షల్లో గర్భిణులను చేర్చుకోలేదు కాబట్టి భద్రత తెలియదన్నారు. చేర్చుకోకపోవడం ఎవరి నిర్ణయం?

ఇక ఆసుపత్రి గడప. కౌతాళం, కోసిగి వైపు పల్లెల్లో నొప్పులు మొదలైతే ముందు ఆదోని, అక్కడ కాదంటే దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని కర్నూలు పెద్దాసుపత్రి. మామూలు రోజుల్లోనే అది పెద్ద ప్రయాణం. లాక్‌డౌన్‌లో బస్సులు లేవు, ఆటోలు లేవు, ఊరి పొలిమేరలో ముళ్లకంపలు అడ్డం. అన్నీ దాటుకుని వెళ్తే, కరోనా పరీక్ష రిపోర్టు ఏదని అడిగారు. పరీక్ష లేదన్న సాకుతో కాన్పు ఆలస్యం చేయకూడదని, వేరే ఆసుపత్రికి పంపకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 సెప్టెంబరులో స్పష్టంగా రాసింది. కాగితం మీది మాట గేటు దగ్గర కూర్చున్న మనిషి దాకా చేరడానికి ఎన్నాళ్లు పట్టిందో ఆ రోజుల్లో పురుడు పోసుకున్న ఇళ్లలో అడగండి, చెబుతారు.

బిడ్డ పుట్టాక మరో అన్యాయం. పాజిటివ్ అని తల్లిని ఒక వార్డులో, బిడ్డను అమ్మమ్మ చేతిలో పెట్టిన సందర్భాలున్నాయి. తల్లిపాల ద్వారా వైరస్ సోకుతుందనడానికి ఆధారం లేదు, మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి ఏడాదిలోనే చెప్పింది. ముర్రుపాలు అందాల్సిన గంటలో డబ్బాపాల కోసం మెడికల్ షాపుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. బరువు తక్కువగా పుట్టిన బిడ్డను తల్లి గుండెకు ఆనించి పడుకోబెట్టడమే వైద్యమని చెప్పే డాక్టర్లే ఆ నెలల్లో బిడ్డను ముట్టుకోనివ్వలేదు. వాళ్లదీ భయమే.

వీటన్నిటికన్నా చప్పుడు లేకుండా జరిగిన నష్టం పిల్లలకు మామూలుగా వేసే టీకాలది. మన పల్లెల్లో బుధవారం, శనివారం పిల్లలకు సూదిమందు వేసే రోజులు. ఏఎన్‌ఎం, ఆశా ఇద్దరినీ ఇంటింటి జ్వరాల సర్వేకు పంపితే ఆ బుధవారం ఎవరు వేస్తారు? ప్రపంచం మొత్తం మీద 2021లో రెండున్నర కోట్ల మంది పిల్లలకు కోరింతదగ్గు, ధనుర్వాతం లాంటివి రాకుండా వేసే డీపీటీ డోసులు పూర్తిగా పడలేదని యునిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క తేల్చాయి. కరోనా పిల్లలను పెద్దగా ఏమీ చేయలేదని ఊరట చెందుతున్నాం సరే. తట్టు, కోరింతదగ్గు అలా వదిలిపెట్టవు.

మళ్లీ ఇలాంటిది వస్తే ఏం చేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. ఎంత పెద్ద మహమ్మారి వచ్చినా కాన్పుల వార్డును, పసిపిల్లల వార్డును వేరే పనికి మార్చకూడదు. పాజిటివ్ వచ్చిన గర్భిణికి అదే ఆసుపత్రిలో వేరే దారి, వేరే గది ఉండాలి. బుధ, శనివారాల్లో ఏఎన్‌ఎంకు మరో డ్యూటీ వేయకూడదు. వీటికి కోట్లేం అక్కర్లేదు, కలెక్టరు సంతకం చాలు.

ఆదోని వైపు పడమటి మండలాలకు అదీ సరిపోదు. ఏటా సుగ్గికి, అంటే పనుల వలసకు, గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్లే కుటుంబాల్లో చూలింతలు, చంటిపిల్లల తల్లులు ఉంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించేనాటికి వాళ్లలో చాలామంది ఆ మిరప చేలల్లోనే ఉన్నారు. తల్లీబిడ్డ కార్డు ఇక్కడ ట్రంకుపెట్టెలో, మనిషి అక్కడ పరదాల గుడిసెలో. ఎన్నో నెలో, ఏ టీకా పడిందో అక్కడి ఏఎన్‌ఎంకు తెలిసే దారి లేదు. ఈసారి సుగ్గి బండ్లు కదలకముందే జిల్లా వైద్యారోగ్య శాఖ ఊరూరా అలాంటి వాళ్ల జాబితా తయారుచేసి గుంటూరు, పల్నాడు జిల్లాల అధికారులకు పంపాలి. ఏటా పంపాలి, కరోనా ఉన్నా లేకున్నా.