లేనోడికే జరిమానా

ఖాతాలో కనీస నిల్వ లేదని నిన్న బ్యాంకువాళ్లు జరిమానా కోశారు. డబ్బు లేకే కదా ఈ గోల, మళ్లీ అందులోంచే లాగడమేంటండీ! కౌంటర్లో అడిగితే "రూల్ అంతే" అన్నాడు, తల కూడా ఎత్తకుండా. పక్క అద్దాల గదిలో ఎవరో పెద్దమనిషి. డిపాజిట్లు దండిగా ఉన్నాయి కాబోలు, మేనేజరే లేచి కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. ఆయనకి ఛార్జీలన్నీ మాఫీనట. ఉన్నోడికి రాయితీ, లేనోడికి వాత.

2022 ప్రపంచ అసమానతల నివేదిక ప్రకారం, అడుగున ఉన్న సగం జనాభా చేతిలో ఉన్నది లోకంలోని సంపదలో 2 శాతం. పైనున్న 10 శాతం మంది దగ్గర 76. ఆ రెండులోంచి కూడా గీకాలా? ఇంతలో ఫోన్ మోగింది. జరిమానా కోసినట్టు మెసేజ్ పంపినందుకు ఇంకో ఛార్జీ!