పది నిమిషాలు స్టార్ట్ చేస్తే సరిపోదు
పాత లారీలను కాపాడుకోవడం గురించి మీరు వేసిన వ్యాసంలో, అలాంటి లారీని పెట్టుకున్నవాళ్లు పదిహేను రోజులకోసారి పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఆపేస్తే చాలని రాశారు, దీనితో మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. నిలబెట్టి ఐడిల్‌లో తిప్పితే పెద్ద డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, లోపల పట్టిన చెమ్మ ఆవిరై పోకుండా ఆయిల్‌లోనే ఉండిపోతుంది, దాని కన్నా ఆపి ఉంచడమే నయం. మా నాన్నగారు నడిపిన టాటా 1210 లారీని అమ్మకుండా ఉంచుకున్నాం, దాన్ని షెడ్డులోంచి తీసి నాలుగైదు ఊళ్లు తిప్పి తెస్తాం, ఇంజన్ బాగా వేడెక్కి గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (వెనక ఇరుసులో చక్రాలను తిప్పే గేర్లు) ఆయిల్ కూడా తిరిగేదాకా. కదలని బండికి ఇంజన్ కన్నా ముందు బ్రేకులు పోతాయి, వానాకాలంలో బ్రేకు లైనర్లు అవి ఒరుసుకునే చక్రం డ్రమ్ములకు పట్టేస్తే చక్రం కదలదు. అందుకే చాన్నాళ్లు ఆపేటప్పుడు చదును నేల మీద చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి హ్యాండ్ బ్రేక్ వదిలేయాలి. ఎయిర్ బ్రేకు (గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకు) బండి అయితే గాలి ట్యాంకు కింద డ్రెయిన్ తిప్పి లోపల చేరిన నీళ్లు వదలాలి, ఈ సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు. స్పేర్ పార్టుల గురించి మీరు భయపెట్టినంత ఏమీ లేదు, విజయవాడ ఆటోనగర్‌లో ఓపికగా తిరిగితే చాలావరకు దొరుకుతాయి. దొరకనిది చెక్క క్యాబిన్ కట్టే పనివాళ్లు. అప్పట్లో కంపెనీ నుంచి ఛాసిస్ (బండి అడుగు చట్రం), ముందు భాగం మాత్రమే వచ్చేవి, మిగతాదంతా మన వడ్రంగులే కట్టేవాళ్లు, ఆ పెద్దవాళ్లు ఉండగానే పని చేయించుకోండి. ఇంకొకటి, 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన బైకులకు, కార్లకే, లారీలను కూడా అందులో చేర్చాలి.