స్కాన్ నార్మల్ వస్తే ఎండోమెట్రియోసిస్ లేనట్టేనా? పిన్ని పంపిన ఫార్వర్డ్‌కి నా జవాబు

మొన్న ఆదివారం మా పిన్ని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపి, కింద "ఇది నిజమేనా అమ్మా, చూసి చెప్పు" అని అడిగింది. వాళ్లమ్మాయి ఇంటర్ సెకండియర్. పీరియడ్స్ వచ్చిన మొదటి రెండ్రోజులు మంచం దిగదు, వాంతులు, కాలేజీ మానేస్తుంది. కిందటి నెల స్కానింగ్ తీయిస్తే నార్మల్ అని రిపోర్ట్ వచ్చింది. ఆ రిపోర్టూ ఈ మెసేజూ పక్కపక్కన పెట్టుకుని ఇంకేం లేదులే అని పిన్ని ఊపిరి పీల్చుకుంది, ఆ పిల్ల మాత్రం నెలనెలా మెలికలు తిరుగుతూనే ఉంది.

ఆ మెసేజ్ తర్వాత ఇంకో రెండు గ్రూపుల్లో కూడా కనిపించింది. ఎవరు రాశారో పేరు లేదు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: స్కాన్ నార్మల్ వస్తే ఎండోమెట్రియోసిస్ లేనట్టే. అనుమానం ఉంటే సీఏ-125 అనే రక్తపరీక్ష చేయించాలి, 35 దాటితే ఉన్నట్టే. ఆపరేషన్ చేసి చూడకుండా మందులు రాసే డాక్టర్ని నమ్మొద్దు. పెళ్లికాని పిల్లలకి ఇది రాదు, వచ్చినా ఒక కాన్పు అయితే అదే పోతుంది. అప్పటికీ పోకపోతే గర్భసంచి తీయించేసుకోవాలి.

నాకు 14వ ఏట మొదలైన నొప్పికి 27వ ఏట పేరు తెలిసింది. డాక్టర్ని కాదు, కానీ మధ్యలో పోయిన ఆ 13 ఏళ్లలో ఈ మాటల్లో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి నోట విన్నా, కొన్ని నమ్మా కూడా. అందుకే ఒక్కోటీ తీసుకుని రాస్తున్నా.

ముందు జబ్బు ఏంటో రెండు ముక్కల్లో. గర్భసంచి లోపలి పొరలాంటిదే గర్భసంచి బయట, ఓవరీల మీదో, పొత్తికడుపు లోపలి గోడల మీదో, పేగు మీదో, యూరిన్ బ్లాడర్ మీదో పెరగడం. నెలనెలా హార్మోన్లకి అదీ ఉబ్బుతుంది, అక్కడా రక్తం ఊరుతుంది, కానీ ఆ రక్తం బయటికి పోయే దారి ఉండదు, దాంతో చుట్టూ వాపు, తర్వాత మచ్చ కట్టడం, చివరికి లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంది, అంటే దాదాపు 19 కోట్ల మందికి.

"స్కాన్ నార్మల్ వస్తే లేనట్టే."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతా.

స్కాన్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో చాలా రకాలున్నాయి. లీటరు నీళ్లు తాగించి, యూరిన్ ఆపుకోమని, పొట్ట మీద జెల్ రాసి చేసేది ఒకటి. యోని లోపలి నుంచి చేసేది, టీవీఎస్ అంటారు, అది ఇంకోటి. ఓవరీలో పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్ట్ ఉంటే స్క్రీన్ మీద అది మసక గాజులా బూడిదరంగులో కనిపిస్తుంది, దాన్ని టీవీఎస్‌లో బాగానే పట్టుకోవచ్చు. పేగు గోడలోకీ గర్భసంచిని వెనక నుంచి పట్టి ఉంచే లిగమెంట్లలోకీ లోతుగా దిగిన జబ్బుని కూడా పట్టుకోవచ్చు, కాకపోతే ఆ పనిలో ప్రత్యేకంగా ట్రైనింగ్ ఉన్నవాళ్లు దాని కోసమే వెతకాలి. ఇక పైపొర మీద కొన్ని మిల్లీమీటర్ల మచ్చల్లా ఉండే రకం ఉంది చూడండి, అది స్కాన్‌లో చాలాసార్లు కనపడనే కనపడదు, ఎమ్మారైలో కూడా అంతే.

నా విషయమే చెప్తా. మొదటి స్కాన్ పొట్ట మీద నుంచి, 5 నిమిషాల్లో అయిపోయింది, నార్మల్. రెండోది టీవీఎస్, అదీ నార్మల్. మూడోది ఎండోమెట్రియోసిస్ కేసులు చూసే డాక్టర్ పంపితే వేరేచోట తీయించుకున్నా, అరగంట పైనే పట్టింది. స్కాన్ తీసినావిడ ప్రోబ్ ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నా పొట్ట మీద మెల్లగా నొక్కుతూ స్క్రీన్ నా వైపు తిప్పి, "చూడమ్మా, గర్భసంచీ వెనక పేగూ ఒకదాని మీద ఒకటి జారాలి, నీకు జారట్లేదు" అంది. నిజంగానే రెండూ కలిసే కదులుతున్నాయి, ఒకే ముద్దలాగా. ఎడమ ఓవరీ వెళ్లి వెనకాల అతుక్కుని ఉంది. అవయవాలు జారుతున్నాయా లేదా అని చూసే ఆ పరీక్షని స్లైడింగ్ సైన్ అంటారు. ముందు రెండు స్కాన్లలో ఎవరూ అలా నొక్కి చూడలేదు, రిపోర్టుల్లో దాని గురించి ఒక్క ముక్క లేదు. రెండో స్కాన్‌కీ మూడోదానికీ మధ్య 8 నెలలే తేడా, అన్నీ ఆ 8 నెలల్లోనే అతుక్కున్నాయంటే నేను నమ్మను.

నా హాస్టల్ రూమ్మేట్‌కి అయితే ఇలాంటి స్కానూ, ఎమ్మారై కూడా నార్మలే వచ్చాయి. ల్యాపరోస్కోపీలో, అంటే కెమెరాతో లోపల చూసే ఆపరేషన్‌లో, పొత్తికడుపు గోడ మీద మచ్చలు బయటపడ్డాయి, తీసిన ముక్క బయాప్సీలో కూడా అదే వచ్చింది.

బ్రిటన్‌లో డాక్టర్లకి మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2017లోనే స్పష్టంగా రాసింది, పరీక్ష చేసినప్పుడు ఏమీ తెలియకపోయినా, అల్ట్రాసౌండూ ఎమ్మారై నార్మల్‌గా ఉన్నా, లక్షణాలుంటే ఎండోమెట్రియోసిస్‌ని కొట్టిపారేయొద్దని. అంటే స్కాన్‌లో కనిపిస్తే ఉన్నట్టు, కనిపించకపోతే ఇంకా తేలనట్టు, అంతే.

ఇందులోనే ఇంకోటి, రిపోర్టులో సిస్ట్ అన్న మాట కనపడగానే మనవాళ్లు పీసీఓడీ అని తేల్చేస్తారు. పీసీఓడీలో ప్రధానంగా పీరియడ్స్ ఆలస్యమవడం, తప్పిపోవడం ఉంటుంది. ఎండోమెట్రియోసిస్ వేరే జబ్బు, చాక్లెట్ సిస్ట్ వేరే సిస్ట్.

"సీఏ-125 చేయిస్తే తేలిపోతుంది."

తేలదు. 35 లోపు నార్మల్ అని ల్యాబ్ కాగితం మీద ఉంటుంది, నిజమే. కానీ పీరియడ్స్‌లో ఉన్నప్పుడు రక్తం ఇచ్చినా పెరుగుతుంది, ఫైబ్రాయిడ్స్ ఉన్నా, కడుపుతో ఉన్నా, పొట్టలో టీబీ ఉన్నా, ఓవరీ క్యాన్సర్‌లో కూడా పెరుగుతుంది. అటువైపు జబ్బు ఉండి కూడా నార్మల్ రావచ్చు, నాకు 22 వచ్చింది, ఓవరీ వెనక్కి అతుక్కుని ఉన్నప్పుడే. యూరప్‌లో సంతాన వైద్య నిపుణుల సంఘం ఎష్రే 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ జబ్బుని నిర్ధారించడానికి ఇలాంటి రక్తపరీక్షలు వాడొద్దనే చెప్పారు. పైగా గూగుల్‌లో సీఏ-125 అని కొడితే ముందు వచ్చేది క్యాన్సర్. ఫలితం 48 వచ్చిందని రెండు రాత్రులు నిద్రపోని అమ్మాయి నాకు తెలుసు, ఆవిడ రక్తం ఇచ్చింది పీరియడ్స్ రెండో రోజు.

"ఆపరేషన్ చేసి చూడకుండా మందులు రాసేవాళ్లని నమ్మొద్దు."

ఇది ఒకప్పటి పద్ధతిలోంచి పుట్టిన మాట. చాలా ఏళ్లు ల్యాపరోస్కోపీయే, అంటే మత్తిచ్చి బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడటమే, ఖాయమైన పరీక్ష అనేవాళ్లు. దానివల్ల ఏం జరిగిందంటే ఆపరేషన్‌కి భయపడో డబ్బుల్లేకో ఆగిపోయినవాళ్లకి ఏళ్ల తరబడి జబ్బు పేరూ లేదు, మందూ లేదు. 2022 మార్గదర్శకాల్లో ఎష్రే దీన్నే మార్చింది. లక్షణాలు వివరంగా అడిగి, పరీక్ష చేసి, స్కాన్ తీసి, వాటిని బట్టి ట్రీట్‌మెంట్ మొదలుపెట్టొచ్చు, స్కాన్లలో ఏమీ దొరక్కపోయినా, మందులు పనిచేయకపోయినా, మందులు సరిపడకపోయినా అప్పుడు ల్యాపరోస్కోపీ అని. కాబట్టి ఏ డాక్టరైనా అన్నీ అడిగి చూసి ముందు డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మాత్ర రాస్తే అది మోసం కాదు. ఏమీ అడక్కుండా, చెయ్యి కూడా వేసి చూడకుండా రాసి పంపిస్తే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి, నేనూ అలాగే వెళ్లా.

ఆ అడగడం అనేది ఎంత ముఖ్యమో చెప్పాలి. నా రోగం పేరు బయటపడింది మూడో స్కాన్‌లో అయినా, ఆ స్కాన్ రాయించింది వంటింట్లో వేలాడే వెంకట్రామా క్యాలెండర్. అమ్మ పాలవాడి లెక్క రాసే ఆ గళ్లలోనే నేను నొప్పి వచ్చిన రోజు సున్నా చుట్టేదాన్ని, మాత్ర వేసుకున్న రోజు అడ్డగీత. 6 నెలల కాగితాలు ఫొటోలు తీసి పట్టుకెళ్తే ఆ డాక్టరమ్మ వాటిని ఫోన్‌లో పెద్దవి చేసి చూస్తూ, పీరియడ్స్ టైమ్‌లో మోషన్‌కి వెళ్తే నొప్పి వస్తుందా, యూరిన్‌కి వెళ్తే వస్తుందా, భర్తతో కలిసినప్పుడు లోపల లోతుగా నొప్పి ఉంటుందా, పీరియడ్స్‌కి ఎన్ని రోజుల ముందు మొదలవుతుంది, మీ అమ్మకీ అక్కచెల్లెళ్లకీ ఉందా అని వరసగా అడిగింది. 13 ఏళ్లలో మోషన్ గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడ. మోషన్‌కి కూర్చుంటే కత్తితో గుచ్చినట్టు ఉంటుందని నేను ఎవరికీ చెప్పలేదు, అది పీరియడ్స్‌కి సంబంధించిందని నాకు తెలిస్తే కదా.

"పెళ్లికాని పిల్లలకి రాదు, కాన్పు అయితే పోతుంది."

వస్తుంది. పీరియడ్స్ మొదలైన కొద్ది కాలానికే లక్షణాలు మొదలైనవాళ్లు ఎంతమందో ఉన్నారు. పెళ్లికాని పిల్లలకి టీవీఎస్ చేయరు కదా అని పరీక్షలే లేవనుకోవద్దు, పొట్ట మీద నుంచి స్కాన్ ఉంది, ఎమ్మారై ఉంది, కొన్నిచోట్ల మలద్వారం నుంచి చేసే స్కాన్ కూడా ఉంది. అవేవీ లేకుండా లక్షణాలను బట్టే మందు మొదలుపెట్టడం కూడా ఉంది.

కాన్పు సంగతి. కడుపుతో ఉన్నప్పుడు పీరియడ్స్ ఆగుతాయి కాబట్టి చాలామందికి నొప్పి తగ్గుతుంది, తర్వాత తిరిగి రావచ్చు. అసలు ఈ జబ్బులో గర్భం రావడమే కష్టమయ్యేవాళ్లు ఎంతోమంది, వాళ్లతో "ఒక బిడ్డని కను, అదే పోతుంది" అనడం ఎంత క్రూరంగా ఉంటుందో అనేవాళ్లకి తెలియదు. ఎండోమెట్రియోసిస్ నయం కావడం కోసమే గర్భం తెచ్చుకోమని సలహా ఇవ్వొద్దని కూడా ఆ 2022 కాగితాల్లో ఉంది. ఇంకోటి, అరుదే గానీ, సిజేరియన్ కుట్టు దగ్గర కూడా ఇది పెరగొచ్చు. కుట్టు పక్కన చిన్న గడ్డ, పీరియడ్స్ రాగానే ఉబ్బి నొప్పి పెడుతుంది, అయిపోగానే తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100కి 60 కాన్పులు సిజేరియన్లే, అందుకే ఈ గడ్డ మాట చెప్తున్నా, ఉంటే డాక్టర్‌కి చూపించండి.

"పోకపోతే గర్భసంచి తీయించేసుకోవాలి."

జబ్బు ఉన్నది గర్భసంచి బయట. పేగు మీదా లిగమెంట్ల మీదా ఉన్నదాన్ని అక్కడే వదిలేసి సంచి ఒక్కటే తీస్తే నొప్పి మిగిలిపోవచ్చు. వేరే దారి లేక, జబ్బు పట్టిన చోట్లన్నీ శుభ్రం చేస్తూ గర్భసంచీ తీయాల్సిన కేసులు ఉంటాయి, అది కాదనను. గర్భసంచి కండలోనే పెరిగే అడినోమయోసిస్ కూడా ఉంటే ఉపయోగం ఉంటుంది. కానీ అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 8 శాతం దాటారు. మన ఊళ్లలో ఈ మాట ఎంత తేలిగ్గా నోటికొస్తుందో అందరికీ తెలుసు, దాన్ని ఫార్వర్డ్‌గా ఇంకా తిప్పడం నాకు చాలా బాధగా ఉంది. ఓవరీలు కూడా తీసేస్తే ముప్పైల్లోనే మెనోపాజ్, ఎముకలు గుల్లబారడం, గుండెకి ముప్పు.

ఇదంతా పిన్నికి ఫోన్లో గంటసేపు చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మరి దానికి కూడా బాత్రూంలో నొప్పి అంటుందే, నేను తిండి పడక అనుకున్నా" అంది. గురువారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. చెల్లి మూడు నెలల తేదీలు గుర్తు చేసుకుని క్యాలెండర్‌లో సున్నాలు చుట్టి ఫొటో పంపింది, ఆగస్టు కాగితంలో అయిదు రోజులు వరసగా ఉన్నాయి.