తల లేకపోతే శిల్పం కాదా?

మన కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తెగ తిరుగుతోంది. అమెరికాలోని చికాగో గ్రాంట్ పార్కులో మగ్దలేనా అబకనోవిచ్ అనే శిల్పి చేసిన, తలా చేతులూ లేని ఇనుప మనుషుల గుంపు. కింద రాత: "తల చెయ్యడం చేతకాక వదిలేశారు. ఈవిడ అంతకుముందు చేసినవి గోనెగుడ్డ బొమ్మలు. అదేమంటే చిన్నప్పటి యుద్ధమట! ఏడెనిమిదేళ్ల పిల్లలకి ఏం గుర్తుంటుంది? అయినా యుద్ధంతో మనకేం పని? మన కొత్తపేట విగ్రహాల ముందు ఇవెంత?"

కొత్తపేట పనితనమంటే నాకూ గర్వమే. ఈ రాత మాత్రం తప్పు.

చేతకాకపోవడం అబద్ధం. అబకనోవిచ్‌ది పోలండ్. వార్సా కళా అకాడమీలో 1954లో చదువు పూర్తి చేశారు. 2006లో పెట్టిన ఆ 106 బొమ్మల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఫొటోలో తెలియదు గానీ, దగ్గరికెళ్తే ఒంటినిండా చెట్టు బెరడులా ముడతలు కనిపిస్తాయి.

ఇక గోనె. 1976-80 మధ్య ఆవిడ 80 వీపుల బొమ్మలు చేశారు. ప్లాస్టర్ అచ్చులో గోనెగుడ్డను జిగురు పట్టించి ఒత్తి తీశారు. అచ్చు తీయడం కొత్తపేట శిల్పులకు రోజూ ఉండే పనే కదా! ఆ వీపులు వెనకనుంచి చూస్తే వంగి కూర్చున్న మనుషులు, ముందునుంచి చూస్తే ఒట్టి డొల్ల. మిల్లుల దగ్గర ధాన్యం బస్తాలు మోసేవాళ్ల వీపులు చూస్తూ పెరిగిన మనం గోనెను తక్కువ చేసి మాట్లాడడం నాకు బాధగా ఉంది.

చిన్నపిల్లలకేం గుర్తుంటుందా? రెండో ప్రపంచ యుద్ధం మొదలై జర్మన్లు పోలండ్ మీద పడ్డ 1939లో ఆవిడకి తొమ్మిదేళ్లు. 1943లో తాగిన సైనికులు ఇంట్లోకి చొరబడి కాల్పులు జరిపితే తల్లి కుడిచెయ్యి భుజం దగ్గరే తెగిపోయింది. తర్వాతి ఏడాది వార్సా ఆసుపత్రిలో గాయపడ్డవాళ్లకు ఈ పిల్లే సాయం చేసింది. అయితే బొమ్మలకు చేతుల్లేనిది అమ్మ చెయ్యి వల్లేనని నేననను, అంత సూటి లెక్క కళకు ఉండదు. ఎవరో ఆజ్ఞాపిస్తే పూజించే, ద్వేషించే గుంపులంటే భయమని ఆవిడే చెప్పుకున్నారు. ఆ గుంపుకి ముఖాలు పెడితే భయం ఎక్కడ మిగులుతుంది?

యుద్ధంతో మనకేం పని అన్నవాళ్లకి ఒక తేదీ: 1942 ఏప్రిల్ 6. అదే యుద్ధంలో ఆ రోజు జపాన్ విమానాలు విశాఖతో పాటు మన కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటి పిల్లలెవరైనా, ఇప్పుడు తొంభై దాటినవాళ్లు, మీ ఇంట్లో ఉంటే ఈ మెసేజ్ వాళ్లకి చదివి వినిపించగలరా?