‘ఏ భాషలోనైనా’ అని రాసేముందు మన భాషను ఒక్కసారి చూడాల్సింది

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో చాలా కాలం ఒక వాక్యం ఉండేది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (అంటే పాఠంలో కావలసిన నమూనాను వెతకడానికి రాసే సూత్రంలో) బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w) అనే గుర్తు వాడితే, ఏ భాషలోనైనా సరే, పదంలో వచ్చే అక్షరాల్లో చాలావాటిని అది పట్టుకుంటుందని ఆ వాక్యం చెప్పేది. దాన్ని నమ్మి తెలుగు మీద వాడితే ఏమవుతుందో చూడండి. ‘తిరుపతి’ అనే పదం ఇచ్చి అందులోని పదాలు తీయమంటే మూడు ముక్కలు వస్తాయి: త, ర, పత. ‘అన్నమయ్య’ ఇస్తే అన, నమయ, య. గుడులు పోయాయి, కొమ్ములు పోయాయి, ఒత్తు దగ్గర పదం తెగిపోయింది. ‘నంది’ ఇస్తే సున్నా కూడా మిగలదు. ఎర్రర్ ఏమీ రాదు. ప్రోగ్రాం మొదటి నుంచి చివరి దాకా హాయిగా నడుస్తుంది, తప్పు ఫలితం మన చేతిలో పెడుతుంది.

నేను తిరుపతిలో ఉంటాను. పాత తెలుగు పుస్తకాల పాఠాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి పదసూచికలు తయారు చేయడం నా పనిలో ఒక భాగం. సాయంత్రాలు బాలాజీ కాలనీలో ఇంజినీరింగ్ పిల్లలకు పైథాన్ చెప్తాను. అందుకే ఈ ఒక్క వాక్యం మీద ఇంత కోపం. పదసూచికలో ‘పత’ అనే పదం వందల సార్లు కనిపిస్తే, అది ఏ పదం నుంచి తెగి వచ్చిందో వెనక్కి వెతకడం ఎంత నరకమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

అంతకన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. పలమనేరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి తన ప్రాజెక్టులో ఇదే చోట ఆగిపోయింది. కోడ్ తిరగరాసింది, ఫాంట్ మార్చింది, ఆఖరికి కీబోర్డు మీద కూడా అనుమానపడింది. నా దగ్గరికి వచ్చి అన్న మాట: “డాక్యుమెంటేషన్‌లో ఏ భాషకైనా పనిచేస్తుందనే ఉంది సార్, నేనే ఎక్కడో తప్పు చేసుంటాను.” ఆ పిల్ల తప్పు ఏమీ లేదు. కానీ అధికారిక పుస్తకం ఒకటి చెప్పి మెషిన్ ఇంకొకటి చేస్తే, కొత్తగా నేర్చుకునేవాళ్లు పుస్తకాన్ని అనుమానించరు. తమనే అనుమానించుకుంటారు. డాక్యుమెంటేషన్‌లో తప్పును చిన్న విషయం అనేవాళ్లు ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోరు.

అసలు కారణం మరీ కష్టమైనదేమీ కాదు. ప్రపంచ లిపులన్నిటినీ కంప్యూటర్‌లో రాయడానికి వాడే యూనికోడ్ ప్రమాణం ప్రతి సంకేతానికీ ఒక వర్గం ఇస్తుంది. మన అచ్చులూ హల్లులూ ‘లెటర్’ వర్గంలోకి వస్తాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా ‘మార్క్’ వర్గంలోకి వస్తాయి. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ లెటర్లను, అంకెలను, అండర్‌స్కోర్‌ను మాత్రమే పదంలో భాగంగా చూస్తుంది. మార్క్ కనబడగానే పదం అయిపోయిందనుకుంటుంది. ఇంగ్లిష్‌కు ఈ సమస్య రాదు. హిందీకి వస్తుంది, తమిళానికి వస్తుంది, కన్నడానికి వస్తుంది. యూనికోడ్ వాళ్ల రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల ప్రమాణపత్రం మార్కులను కూడా పదంలో కలుపుకోవాలనే చెప్తుంది. రోమన్ కాని లిపులకు ఇది పనికిరావడం లేదని పైథాన్ తప్పులు నమోదు చేసే బగ్ ట్రాకర్‌లో 2007లోనే ఫిర్యాదు పెట్టారు.

మరి కోడ్ ఎందుకు మార్చలేదు? ఇప్పుడున్న ప్రవర్తన మీద ఆధారపడి నడుస్తున్న ప్రోగ్రాంలు లెక్కలేనన్ని ఉన్నాయి, ఒక్కసారిగా మారిస్తే ఎక్కడ ఏది విరుగుతుందో చెప్పలేం. ఈ వాదనను నేను ఒప్పుకుంటాను. కానీ కోడ్‌ను మార్చలేకపోతున్నప్పుడు దాని గురించి రాసిన వాక్యమైనా నిజంగా ఉండాలి కదా. వాక్యం మారిస్తే ఎవరి ప్రోగ్రామూ విరగదు. కోడ్ దగ్గర ఆలోచించి ఆగారంటే అర్థం ఉంది. వాక్యం దగ్గర ఆగడానికి ఏ కారణమూ లేదు.

చివరికి ఆ వాక్యం మార్చారు. ఇప్పుడు అక్కడ ‘ఏ భాషలోనైనా’ అనే మాట లేదు. ఒక సంకేతం అక్షరమో అంకెనో అవునా కాదా అని చూసే ఈజ్‌ఆల్‌నమ్ అనే మెథడ్ ఏ అక్షరాలను ఒప్పుకుంటుందో అవన్నీ, వాటితో పాటు అండర్‌స్కోర్, అని ఉంది. ఇది నిజం. మార్చినవాళ్లకు నా కృతజ్ఞతలు.

అయితే నిజం రాయడంతో పని అయిపోలేదు. ఆ అమ్మాయి ఈ కొత్త వాక్యం చదివిందనుకోండి. లింకు నొక్కి ఈజ్‌ఆల్‌నమ్ దగ్గరికి వెళ్తుంది. అక్కడ, అక్షరమా కాదా అని మాత్రమే చూసే ఈజ్‌ఆల్ఫా దగ్గరికి వెళ్లమంటారు. ఈజ్‌ఆల్ఫా దగ్గర యూనికోడ్ వర్గాల పేర్లు రెండేసి అక్షరాల్లో ఉంటాయి. తెలుగు ‘ి’ ఆ వర్గాల్లో లేదని ఆమె ఇంకెక్కడో వెతికి తెలుసుకోవాలి. ప్రతి మెట్టూ సరైనదే, చివరిదాకా దిగితే జవాబు దొరుకుతుంది. కానీ సమస్య ఇదీ అని ముందే తెలిసినవాడు మాత్రమే అంత దూరం దిగుతాడు. తప్పు సరిదిద్దడం ఒక పని, విడమరచి చెప్పడం ఇంకో పని. మొదటిదాన్ని చేసి రెండోదాన్ని వదిలేస్తే పాఠకుడి చేతికి వచ్చేది సగమే.

అదే పేజీలో, కాస్త పైన, బ్యాక్‌స్లాష్ డి గురించి ఎంత బాగా రాశారో చూడండి. యూనికోడ్‌లోని ఏ దశాంశ అంకెనైనా ఇది పట్టుకుంటుంది, సున్నా నుంచి తొమ్మిది వరకూ ఉన్న మామూలు అంకెలే కాక ఇంకా చాలా ఉంటాయి అని అక్కడే, ఆ చోటే చెప్పేశారు. అందుకే ఫారంలో ఎవరైనా ౧౦౮ అని తెలుగు అంకెలు టైప్ చేస్తే పైథాన్ ఒప్పుకున్నప్పుడు నేను కంగారుపడలేదు. ఒక్క అదనపు వాక్యం చేసిన మేలు అది. పక్కనున్న డబ్ల్యూకి కూడా అలాంటి వాక్యం ఒకటి ఉంటే సరిపోయేది.

ఇంకొక ఉదాహరణ. పేరు చివర ఉన్న ‘గారు’ తీసేయాలని మా పిల్లలు, చివరి నుంచి సంకేతాలు తీసేసే ఆర్‌స్ట్రిప్ మెథడ్‌కి ముందు ఖాళీతో సహా ‘ గారు’ అని ఇస్తారు. ‘రాజు గారు’ ఇస్తే ‘రాజు’ రావాలి. వచ్చేది ‘రాజ’. ఎందుకంటే ఆ మెథడ్ మనం ఇచ్చినదాన్ని పదంగా చూడదు, విడి సంకేతాల గుంపుగా చూస్తుంది. ఆ గుంపులో కొమ్ము ఉంది కాబట్టి రాజు కొమ్మును కూడా తినేసింది. ‘గురు గారు’ ఇస్తే ఏమీ మిగలదు. నిజానికి దీన్ని డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే రాశారు, ఇచ్చినది పదాంతం కాదు, సంకేతాల కలయికలన్నీ పోతాయని. అయినా ప్రపంచమంతా అదే పొరపాటు చేస్తూనే వచ్చింది. చివరికి 2020లో వచ్చిన 3.9 వెర్షన్‌లో రిమూవ్‌ప్రిఫిక్స్, రిమూవ్‌సఫిక్స్ అని రెండు కొత్త మెథడ్లు చేర్చారు. ఇప్పుడు ఆర్‌స్ట్రిప్ దగ్గర ‘ఒక్క పదాంతమే తీసేయాలంటే అది చూడండి’ అని దారి చూపిస్తారు. ఎంత వివరించినా పాఠకులు అదే చోట పడుతున్నారంటే లైబ్రరీలోనే ఏదో లోటుందని ఒప్పుకోవడం, ఆ లోటు పూడ్చడం! ఇది నాకు ఎంతో నచ్చిన పద్ధతి.

ఫైల్ తెరిచే ఓపెన్ అనే ఫంక్షన్ సంగతి కూడా అంతే. కాలేజీ ల్యాబుల్లో విండోస్ కంప్యూటర్ల మీద తెలుగులో పేరు రాసి సేవ్ చేయబోతే ‘చార్‌మ్యాప్’ ఎర్రర్ చూడని బ్యాచ్ మా దగ్గర లేదు. ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్‌లో ఏ పద్ధతిలో దాచాలో) చెప్పకపోతే అది సిస్టమ్‌ని బట్టి మారుతుందని రిఫరెన్స్ పేజీలో ఉంది. కానీ మొదట నేర్చుకునే ట్యుటోరియల్‌లో ఉదాహరణ చాలా ఏళ్లు ఎన్‌కోడింగ్ లేకుండానే ఉండేది. పిల్లలు వివరణ చదవరు, ఉదాహరణ కాపీ చేస్తారు. ఇప్పుడు ఆ ఉదాహరణలో అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ అని చేర్చారు. చేర్చింది కొన్ని అక్షరాలే, కానీ చిత్తూరులో కూర్చుని తెలుగులో పేరు రాసుకునే విద్యార్థికి అదే కావలసింది.

పైథాన్ డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలు చాలావాటిని డాక్‌టెస్ట్ అనే పరికరంతో నడిపి చూసే వీలుంది. జవాబు తేడా వస్తే మెషినే పట్టుకుంటుంది. వాక్యాలకు అలాంటి పరీక్ష లేదు. ‘ఏ భాషలోనైనా’ అన్న మాట తప్పని ఏ పరికరమూ చెప్పదు. ఆ మాట ఎవరి భాష దగ్గర విరుగుతుందో వాళ్లే చెప్పాలి. అంటే మనమే. రాసినవాళ్లలో చాలామందికి గుణింతం అంటే ఏమిటో తెలియకపోవచ్చు, అది వాళ్ల నేరం కాదు. తెలిసిన మనం నోరు మూసుకుని, ‘తెలుగుకి పైథాన్ పనిచేయదు’ అని వాట్సాప్‌లో ఒక మాట అనేసి, రెజెక్స్ అనే విడి మాడ్యూల్ వేసుకుని ముందుకు పోవడమే అసలు నేరం. ఆ మాడ్యూల్ మన పదాలను తెంచకుండా తీస్తుంది, నేనూ వాడతాను. కానీ దాని సంగతి తెలియని తర్వాతి బ్యాచ్ పిల్లలు మళ్లీ అదే గుంతలో పడతారు.

ఈ పనికి మన దగ్గర విలువ ఇవ్వరు, నా కోపంలో సగం అందుకే. ఇక్కడి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఒక అబ్బాయి ఓపెన్ సోర్స్ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో నిజమైన తప్పు కనిపెట్టి, రుజువుతో సహా సరిచేసి పంపాడు. వాళ్లు తీసుకున్నారు కూడా. ప్రాజెక్టు మార్కులకు చూపిస్తే, “కోడ్ ఎక్కడ్రా? రెండు వాక్యాలు మారిస్తే ప్రాజెక్టవుతుందా?” అన్నారట. ఆ రెండు వాక్యాలు రాయడానికి వాడు సోర్స్ కోడ్ చదివాడు, నాలుగు వెర్షన్లలో నడిపి చూశాడు, ఎదురొచ్చిన ప్రశ్నలకు ఇంగ్లిష్‌లో జవాబులు రాశాడు. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇంత చదువు ఉండదు.

ఇలాంటి చిన్నచూపుకు మనవైపు నుంచి కూడా కారణం ఇచ్చాం, అదీ చెప్పాలి. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ (ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే కార్యక్రమం) టీషర్టు కోసం ఊరికే ఒక పదం చేర్చి పంపిన మార్పులతో ప్రాజెక్టులు నిండిపోయాయి. ఆ దెబ్బకు, ఇష్టమున్న ప్రాజెక్టులు మాత్రమే చేరేలా ఆ కార్యక్రమం నిర్వాహకులు నియమాలే మార్చుకున్నారు. దిద్దుబాటు అంటే అది కాదు. పండితులు వేటూరి ప్రభాకరశాస్త్రి గారు అన్నమయ్య కీర్తనల రాగిరేకుల మీద పనిచేసిన ఊరు మనది. రేకులో ఏముందో చూడకుండా, తన చెవికి ఏది బాగుంటే అది రాసేవాణ్ణి ఇక్కడ పరిష్కర్త అనరు. ఇక్కడ రేకు అంటే సోర్స్ కోడ్. ముందు దాన్ని చూడాలి, నడిపి చూడాలి, ఆ తర్వాతే వాక్యం మీద చేయి వేయాలి.

చేయడం కష్టం కాదు. 2017 నుంచి పైథాన్ సోర్స్ గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో ఉంది. అందులో డాక్ అనే ఫోల్డర్, దానిలో లైబ్రరీ, అంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లే. అక్షరదోషమైతే నేరుగా దిద్ది పంపొచ్చు. అర్థం మారేదైతే ముందు ఇష్యూ (అక్కడ సమస్యను నమోదు చేసే పేజీ) తెరిచి, ఏ వెర్షన్‌లో ఏం ఇచ్చారు, ఏం వచ్చింది, డాక్యుమెంటేషన్ ఏం చెప్తోంది అన్న మూడూ రాయాలి. ఒకసారి ఒప్పంద పత్రం మీద ఆన్‌లైన్‌లో సంతకం పెట్టాలి. ఇంగ్లిష్ గొప్పగా రాకపోయినా పర్వాలేదు, వాక్యం బాగుచేయడానికి అక్కడ మనుషులున్నారు. వాళ్ల దగ్గర లేనిది మన ఉదాహరణ.

‘డాక్యుమెంటేషన్ ఎవరు చదువుతారు, చాట్‌బాట్‌ని అడిగితే చెప్తుంది’ అనేవాళ్లకు ఒకటే జవాబు. అది కూడా ఆ పేజీలు చదివే నేర్చుకుంది.

నేను అడగబోయే మార్పు ఇది. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వివరణ కిందే ఒక వాక్యం: తెలుగు, హిందీ వంటి లిపుల్లో అచ్చు గుర్తులు, పొల్లు దీనికి దొరకవు కాబట్టి ఆ భాషల పదాలు ముక్కలవుతాయి. పక్కన ఒక ఉదాహరణ, డాక్‌టెస్ట్‌తో నడిచేలా. ఉదాహరణకు ‘తిరుపతి’ అనే పదమే ఇస్తాను. తమిళం, కన్నడం తెలిసినవాళ్లు, ముఖ్యంగా కుప్పం, పుత్తూరు వైపువాళ్లు, మీ లిపిలో నడిపి ఏం వచ్చిందో వెర్షన్ నంబరుతో సహా కామెంట్‌లో పెట్టండి. వాటిని కూడా ఇష్యూలో చేర్చి పంపిస్తాను.