స్క్రూడ్రైవర్‌కు లైసెన్సు పెట్టాలి

ఇంట్లో కత్తిపీట ఉంటుంది, గ్యాస్ సిలిండర్ ఉంటుంది, ఎలుకల మందు కూడా ఉంటుంది. వీటన్నిటినీ మించిన ప్రమాదకర వస్తువు ఒకటి టీవీ కింద సొరుగులో నిశ్చింతగా పడి ఉంటోంది. అది స్టార్ స్క్రూడ్రైవర్. అధికారుల దృష్టికి ఇంకా రాలేదు కానీ, దోమల బ్యాట్లు తయారుచేసేవాళ్లు దీన్ని ఎప్పుడో పసిగట్టారు.

వాళ్ల ముందుచూపుకు దణ్ణం పెట్టాలి. బ్యాటు పిడి మీద పైకి కనిపించేవి రెండు స్క్రూలే. అవి తీసి లాగితే రాదు. మూడోది స్టిక్కర్ కింద దాక్కుని ఉంటుంది. ఆ స్టిక్కర్ మీద ‘సీలు చిరిగితే వారంటీ చెల్లదు’ అని రాసి ఉంటుంది. ఈ బ్యాటుకు వారంటీ ఉందన్న సంగతి మనకు తెలిసేది సరిగ్గా అది పోతున్నప్పుడే. అదీ చింపి, మూడో స్క్రూ తీసి, సందులో గోరు దూర్చి లాగితే టక్ మంటుంది. పిడి తెరుచుకుందని సంతోషిస్తాం. నిజానికి విరిగింది లోపలి కొక్కెం. ఇక ఆ బ్యాటు శేషజీవితం రబ్బరు బ్యాండుతోనే.

రెండు వేల వోల్టులు పుట్టించే యంత్రం కదా, లోపల ఏ శ్రీశైలం పవర్‌హౌసో ఉంటుందనుకున్న పౌరుడికి కనిపించేది అగ్గిపెట్టెంత బోర్డు. దాని మీద ఒక ట్రాన్సిస్టర్, బుల్లి ట్రాన్స్‌ఫార్మర్, కరెంటును ఒకవైపే పోనిచ్చే కొన్ని డయోడ్లు, ఛార్జిని కాసేపు దాచుకునే ఉబ్బెత్తు కెపాసిటర్లు, వాటి మీద ఎండిపోయిన తెల్ల గమ్. పక్కన నాలుగు వోల్టుల బ్యాటరీ. ట్రాన్సిస్టర్ ఆ కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదులుతుంటే, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వందల వోల్టులు చేస్తుంది. అక్కడి నుంచి డయోడ్లూ కెపాసిటర్లూ అంచెలంచెలుగా పైకెక్కించి జాలీకి అప్పజెబుతాయి. బయటి రెండు జాలీలు ఒక పక్షం, మధ్యది ఎదుటి పక్షం. దోమ రెంటినీ ఒకేసారి తాకిందా, చిటుక్కు.

ఛార్జర్ ఎక్కడుందని వెతక్కండి. 230 వోల్టుల ఇంటి కరెంటుకు ఒక కెపాసిటర్ అడ్డంపెట్టి, కాసిని మిల్లీ ఆంపియర్లను బ్యాటరీలోకి వదులుతారు, అంతే. చవక రకాల్లో నిండాక ఆపే ఏర్పాటు ఉండదు. ప్లగ్గులో పెట్టి మర్చిపోతే బ్యాటరీ ఉడికిపోతుంది. పోనీ అని ఛార్జి పెట్టకుండా వానాకాలం దాకా అటక మీద పడేస్తే, బ్యాటరీ లోపలి సీసం పలకలు పాడై మళ్లీ ఛార్జి ఎక్కదు. వాడినా పోతుంది, వాడకపోయినా పోతుంది. ఇంత నిష్పక్షపాతం మన దేశంలో ఇంకే వ్యవస్థలోనూ నేను చూడలేదు.

ఒక్క విషయంలో మాత్రం కంపెనీవాళ్లు భయపెట్టడంలో న్యాయముంది. ప్లగ్గులో ఉండగా విప్పితే ఆ బోర్డు మీద ఎక్కడ వేలు పెట్టినా ఇంటి కరెంటే కొడుతుంది. ప్లగ్గు తీసి, బటన్ వదిలేసినా జాలీలో ఛార్జి కాసేపు మిగులుతుంది. ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో మధ్య జాలీని, బయటి జాలీని కలిపి చిటపట మనిపించాకే చెయ్యి పెట్టాలి. ఈ మాట స్టిక్కర్ మీద ఉండదు. స్థలమంతా వారంటీకే సరిపోయింది.

అసలు ముప్పు షాకు కాదు, జ్ఞానం. మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారొకరు బ్యాటు విప్పి, పోయింది బ్యాటరీ ఒక్కటేనని కనిపెట్టారు. పట్టుకుని రిపేరు షాపుకెళ్తే, “మాస్టారూ, టంకం పెట్టి మళ్లీ బిగించేసరికి నాకు అరపూట పోతుంది. కొత్తది తీసుకోండి, మీకే మంచిది” అన్నాడు కుర్రాడు. మంచి పౌరుడైతే అక్కడితో ఆగాలి. ఈయన కోఠి గుజరాతీ గల్లీకెళ్లి సోల్డరింగ్ ఐరన్ కొనుక్కొచ్చారు. ఇప్పుడు వీధిలో వాళ్లంతా టీవీ రిమోట్లు, ఎమర్జెన్సీ లైట్లు పట్టుకుని ఆయన అరుగు మీదే ఉంటున్నారు. ఇలాంటివాళ్లు వీధికొకరు తయారైతే దేశ ఆర్థిక వ్యవస్థ ఏం కావాలి?

నిజం చెప్పాలంటే ఈ దురలవాటుకు మన ఊళ్లోనే చరిత్ర ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే ఆంగ్లేయ డాక్టరు దోమనే విప్పి చూశాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని, కుట్టిన దోమకింతని డబ్బులిచ్చి మరీ కుట్టించి, వాటి పొట్టల్లో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. తన చెమటకు మైక్రోస్కోపు స్క్రూలు తుప్పుపట్టాయని ఆయనే రాసుకున్నాడు. 1902లో నోబెల్ ఇచ్చారు. అదృష్టవంతుడు, దోమ మీద స్టిక్కర్ లేదు.

ప్రభుత్వం పట్టించుకోలేదనడం కూడా అన్యాయం. 121 రూపాయల కంటే తక్కువ విలువకు దిగుమతయ్యే దోమల బ్యాట్లను 2021 ఏప్రిల్‌లో నిషేధించింది. 120 రూపాయల బ్యాటు దేశానికి ముప్పు, 121 అయితే స్వాగతం. అదే ప్రభుత్వం 2022 జులైలో, కొన్న వస్తువును మనకు నచ్చినచోట బాగుచేయించుకునే ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసి, డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. ట్రాక్టర్లు, ఫోన్లు, ఫ్రిజ్‌లు, కార్ల గురించి అయితే సరే. దోమల బ్యాటు పట్టుకుని హక్కులంటూ బయల్దేరితే మాత్రం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాల్సి వస్తుంది. ఆ నంబరు, మూడో స్క్రూ కోసం మనం చింపేసిన స్టిక్కర్ మీదే ఉండేది.

కాబట్టి నా మనవి ఏమిటంటే, స్టార్ స్క్రూడ్రైవర్లకు మీసేవలో లైసెన్సులివ్వాలి. దరఖాస్తుతో పాటు ఇల్లాలి ఎన్‌ఓసీ జతచేయాలి. డైనింగ్ టేబుల్ మీద విప్పేవారికి రెట్టింపు ఫీజు. మళ్లీ బిగించాక మిగిలిపోయే ఆ ఒక్క స్క్రూను వారంలోగా తహసీల్దారు ఆఫీసులో జమచేసి రసీదు తీసుకోవాలి. లెక్కల మాస్టార్లకు లైసెన్సు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వరాదు.

చట్టం వచ్చేదాకా దోమల సంగతేమిటని ఎవరైనా అడగొచ్చు. రెండు చేతులున్నాయి కదండీ, చప్పట్లు కొట్టండి. కంపెనీవాళ్లు ఎలాగూ అదే కోరుకుంటున్నారు.