అబద్ధమాడినా అతికినట్టుండాలి

మా వీధి మలుపులో మ్యాన్‌హోల్‌కు మూత లేదని జూన్‌లో ఫోటోతో సహా ఫిర్యాదు చేశాను. నాలుగో రోజుకల్లా ఫోనుకు సందేశం వచ్చింది: ‘మీ సమస్య పరిష్కరించబడింది.’ సాక్ష్యంగా ఒక ఫోటో కూడా జతపరిచారు. కిటికీ తెరిచి చూశాను. గుంత అక్కడే ఉంది. ఫోటో చూశాను. అందులో మూత ఉంది. ప్రభుత్వ రికార్డు ఒకటి చెబుతుండగా సొంత కళ్లను నమ్మడం పౌరధర్మం కాదు కనుక, కళ్లజోడు తుడుచుకుని ఫోటోనే నమ్మడానికి నిజాయితీగా ప్రయత్నించాను.

ఫోటో సహకరించలేదు.

అది నేను పంపిన ఫోటోయే. కింద మూలన నా చెప్పు కొస కూడా అలాగే ఉంది. రోడ్డును నేను ఏటవాలుగా తీశాను. మూతను మాత్రం ఎవరో సరిగ్గా నడినెత్తి మీది నుంచి తీశారు. అందువల్ల అది కోలగా కనబడాల్సింది పోయి, పున్నమి చంద్రుడిలా గుండ్రంగా, రోడ్డుకు జానెడు ఎత్తున తేలుతోంది. కరెంటు స్తంభం నీడ ఎడమకు పడితే మూత నీడ కుడికి పడింది. అంటే మా వీధికి ఇద్దరు సూర్యులను మంజూరు చేశారు. మే నెలలో నాకు ఆ అనుమానం రాకపోలేదు. ఇక పక్కనున్న బురదను కప్పడానికి ఎక్కడిదో పొడి రోడ్డు ముక్కను తెచ్చి అతికించారు. ఆ ముక్కతో పాటు ఒక కుక్క తోక వచ్చింది. కుక్క రాలేదు. బురద ఎక్కువగా ఉండటంతో అదే ముక్కను మరో రెండుసార్లు వాడారు. మొత్తం మూడు తోకలు. వీధికుక్కల బెడద గురించి నేను నిరుడు పెట్టిన ఫిర్యాదు కూడా ఈ పద్ధతిలోనే పరిష్కారమవుతూ, తోకల దగ్గర ఆగిపోయి ఉంటుంది.

చిక్కడపల్లిలో ఫ్లెక్సీలు తయారుచేసే కుర్రవాడికి దీన్ని చూపించాను. వాడు వృత్తి మీద గౌరవమున్నవాడు, మొహం చిట్లించాడు. “లాసోతో కోశాడు సార్, కోసిన గీత కలిసిపోయేలా ఫెదర్ పెట్టలేదు. అందుకే అంచు తెల్లగా కొడుతోంది. మూతను వంచి రోడ్డు వాలుకు తేవాలి కదా! పుట్టినరోజు ఫ్లెక్సీని ఇలా చేసిస్తే మాకు డబ్బులు కూడా ఇవ్వరు.”

నా బాధ కూడా అదే. ఈ విద్యకు ఘనమైన చరిత్ర ఉంది. కంప్యూటర్లు లేని కాలంలోనే కాల్హూన్ అనే అమెరికా నాయకుడి మొండెం మీద లింకన్ తలను కూర్చి పటాలు అచ్చువేశారు. మాస్కో కాలువ గట్టున స్టాలిన్ పక్కన నిలబడిన రహస్య పోలీసు అధిపతి యెజోవ్‌ను, అతను పదవీ ప్రాణమూ పోగొట్టుకున్నాక, ఫోటోలోంచి తొలగించి ఆ చోటును నీటితో నింపారు. ఆ నీటి అలలైనా చూడముచ్చటగా ఉంటాయి. ఫోటోషాప్ 1990లో వచ్చింది. 1994 నుంచి అందులో లేయర్లు ఉన్నాయి. అతికించిన ముక్క కింది బొమ్మలో కలిసిపోకుండా విడిగా ఉంటుంది, నచ్చినన్నిసార్లు జరిపి సరిచూసుకోవచ్చు. మూడు దశాబ్దాలుగా ఇంత సదుపాయం ఉండగా మూతను గాలిలో వేలాడదీయడమేమిటి?

విధానం మీద నాకు అభ్యంతరం లేదు. ఇనుప మూతను దొంగలు ఎత్తుకెళ్లి పాత సామానుకు అమ్ముకుంటారు. పిక్సెళ్ల మూతను ఎవడూ ఎత్తుకెళ్లలేడు.

జూలైలో ఒక తెల్లవారుజామున వాన దంచికొట్టింది. వీధిలో మోకాలి లోతు నీళ్లు. హైదరాబాద్‌లో అలాంటప్పుడు రోడ్డూ గుంతా ఒక్కటే. పాలు వేసే కుర్రవాడు సైకిలు నడిపించుకుంటూ వచ్చి అందులో కాలు వేశాడు. సైకిలు అడ్డంపడి హ్యాండిల్ చేతికి దొరకబట్టి నడుము లోతులో ఆగాడు. కాలు విరిగింది. రెండు నెలలు పనికి రాలేదు. ఆ రెండు నెలల జీతాన్ని ఏ ఫోటోలోంచి కోసి తెచ్చి అతికిస్తారు? అసలు సంగతి ఇంకొకటుంది. గుంత ఎక్కడుందో, ఎంత ఉందో కచ్చితంగా చూసినవాడే దాని మీద మూత అతికించగలడు. ఆ మనిషి కుర్చీలో కూర్చుని, మౌసు పట్టుకుని, ఆ గుంతను నాకంటే దగ్గరగా చూశాడు. ఒకడు పడతాడని తెలిసే చూశాడు. సిగ్గు లేదూ? ఆ పది నిమిషాల్లో ఒక ఫోను చేసి మూత వేయమని చెప్పడానికి నోరు పడిపోయిందా?

కుర్రవాడు పడ్డ రోజే వీధివాళ్లమంతా కలిసి గుంతలో ఒక వేపకొమ్మ నిలబెట్టి, కొసకు ఎర్రగుడ్డ కట్టాం. దాన్ని ఫోటో తీసి మళ్లీ ఫిర్యాదు చేశాను. ఈసారి మూడు రోజుల్లోనే పరిష్కారం వచ్చింది. అంచుకు ఫెదర్ పెట్టారు, మూతను వాలుకు వంచారు, తోకలు లేవు. కొమ్మను కూడా నేర్పుగా తొలగించారు. రోడ్డు మీద దాని నీడ మాత్రం, ఎర్రగుడ్డ రెపరెపతో సహా, అలాగే ఉంది.